నీడపట్టు గోడకు ఏ మొక్క?

(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ప్రతి ఇంటికీ ఎండ మొహం చూడని గోడ ఒకటుంటుంది. పెరట్లో ఉత్తరపు ప్రహరీ కావచ్చు, పక్కింటి మేడ నీడలో పడిపోయిన సందు గోడ కావచ్చు, అపార్ట్‌మెంట్లలో అయితే వంటింటి వెనక బాల్కనీ గోడ కావచ్చు. వానాకాలంలో పాకుడు పడుతుంది, వేసవిలో కూడా చల్లగానే ఉంటుంది. చూడ్డానికి బాగుండదు కదా అని మనం ఓ గులాబీ కుండీయో, మల్లె కుండీయో తెచ్చి అక్కడ పెడతాం. నెల తిరిగేసరికి మల్లె ఆకులు పసుపుపచ్చగా మారతాయి, తీగ వెలుతురు కోసం మెడ చాస్తుంది, మొగ్గ మాత్రం రాదు. "ఈ గోడ దగ్గర ఏదీ బతకదండీ" అని తీర్పు చెప్పేసి, విరిగిన కుర్చీలూ ఖాళీ డబ్బాలూ అక్కడికి చేరుస్తాం.

ఈ చిక్కు మనకొక్కరికే వచ్చిందనుకోకండి. రెండు వందల ఏళ్ళ కిందట లండన్‌లో ఒక డాక్టరుగారికి సరిగ్గా ఇదే చిక్కు వచ్చింది. ఆయన పెరటి గోడ మీద మొదలైన కథ సముద్రాలు దాటి మన ఊటీ కొండల దాకా వచ్చింది. ఆ కథ వింటే మన గోడకు ఏ మొక్క పెట్టాలో కూడా తెలుస్తుంది. అందుకే ఇవాళ చరిత్ర, తోటపని కలిపి చెప్పుకుందాం.

ఆ డాక్టరు పేరు నథానియల్ వార్డ్. 1791లో పుట్టాడు. లండన్ తూర్పు భాగంలో, ఓడరేవుకు దగ్గర్లో, వెల్‌క్లోజ్ స్క్వేర్ అనే చోట కాపురం. ఆయనకు చిన్నప్పటినుంచీ ఒకటే కోరిక. ఫెర్న్ మొక్కలూ నాచూ దట్టంగా అల్లుకున్న పాతగోడ ఒకటి తనకుండాలని! ఫెర్న్ అంటే మీకు తెలుసు. పెళ్ళి పందిళ్ళలో, పూలగుత్తుల వెనకాల పెట్టే ఈకల్లాంటి ఆకుపచ్చ ఆకులున్నాయే, ఆ జాతి. పువ్వు పూయదు, కాయ కాయదు. ఆకు అడుగున గోధుమరంగు చుక్కలుంటాయి. వాటిలోని పొడే దానికి విత్తనం.

వార్డ్ పెరట్లో రాళ్ళు పేర్చి చిన్న గోడలాంటిది కట్టాడు. పైన చిల్లుల గొట్టం అమర్చి నీళ్ళు చుక్క చుక్కగా కారేట్టు చేశాడు. అడవినుంచి ఫెర్నులూ నాచూ తెచ్చి సందుల్లో నాటాడు. నీడ ఉంది, చెమ్మ ఉంది, రాయి ఉంది. ఇంకేం కావాలి? అయినా మొక్కలు ఒక్కటొక్కటే చచ్చిపోయాయి. ఆ రోజుల్లో లండన్‌లో ప్రతి ఇంటి పొయ్యీ, ప్రతి ఫ్యాక్టరీ బొగ్గుతోనే నడిచేది. ఆ పొగ, మసి ఆకుల మీద పేరుకుపోయేవి. కొన్నాళ్ళకు వార్డ్ కూడా మనలాగే ఆశ వదులుకున్నాడు.

1829లో ఒక తమాషా జరిగింది. ఆయనకు పురుగుల మీద కూడా ఆసక్తి. రాత్రిపూట ఎగిరే ఒక పెద్ద జాతి సీతాకోకచిలుక పుట్టేది చూద్దామని, దాని గూటిని తడిమట్టితో సహా వెడల్పు మూతి గాజుసీసాలో పెట్టి మూత వేశాడు. రోజూ చూస్తుండగా ఒకటి గమనించాడు. పగటి వేడికి మట్టిలోని తడి ఆవిరై పైకి లేచి, గాజుకు తగిలి చుక్కలు కట్టి, మళ్ళీ మట్టిలోకే జారుతోంది. తడి ఎక్కడికీ పోవడం లేదు. పురుగు బయటికి రావడానికి ఓ వారం ముందు ఆ మట్టిలో రెండు మొలకలు కనిపించాయి. ఒకటి గడ్డి. రెండోది ఫెర్న్! ఏళ్ళ తరబడి తన గోడ మీద బతికించలేకపోయిన మొక్క, అడక్కుండానే సీసాలో మొలిచింది.

ఆయన ఆ సీసాను తన గది కిటికీ బయట పెట్టాడు. ఆ కిటికీ ఉత్తరం వైపుది సుమండీ! అంటే ఎండ తగలని పక్క. ఆ రెండు మొక్కలూ ఒక్క చుక్క నీరు పోయకుండానే దాదాపు నాలుగేళ్ళు బతికాయి. చివరికి ఆయన ఊళ్ళో లేనప్పుడు మూత తుప్పుపట్టి, వాననీరు లోపలికి దిగి కుళ్ళిపోయాయి.

దీన్నిబట్టి ఆయనకు అర్థమైందేమిటి? తన ఫెర్నులను చంపింది నీడ కాదు, పొగ. ఇన్నాళ్ళూ తప్పు గోడమీద వేశాడన్నమాట. మనం కూడా మొక్క చచ్చిపోగానే "నీడ కదా, అందుకే పోయింది" అంటాం. నిజానికి నీడలో చాలా మొక్కల్ని చంపేది మనం పోసే నీళ్ళే. ఎండ లేనిచోట మొక్క తక్కువ నీరు తాగుతుంది, మట్టి త్వరగా ఆరదు. ఎండలో ఉన్న తులసికి పోసినట్టే రోజూ చెంబెడు పోస్తే వేళ్ళు కుళ్ళుతాయి. ఆకు వాడగానే దాహమనుకుని ఇంకో చెంబు పోస్తాం. దాంతో దాని పని సరి.

మళ్ళీ వార్డ్ దగ్గరికి వద్దాం. సీసా బదులు గాజు పలకలతో పెట్టెలు చేయించాడు. 1833లో రెండు పెట్టెల నిండా మొక్కలు పెట్టి లండన్‌నుంచి సిడ్నీకి ఓడలో పంపాడు. అంతకుముందు దూరదేశాలకు మొక్కలు పంపితే ఉప్పుగాలికీ, మంచినీటి కొరతకూ దారిలోనే ఎక్కువ భాగం చచ్చేవి. ఈసారి నెలల ప్రయాణం తర్వాత కూడా పచ్చగా దిగాయి. 1834లో అదే పెట్టెల్లో ఆస్ట్రేలియా మొక్కలు నింపి వెనక్కి పంపారు. దారిలో దక్షిణ అమెరికా కొస దగ్గర ఓడ మీద మంచు కురిసింది, భూమధ్యరేఖ దగ్గర మండే ఎండ. ఎనిమిది నెలల తర్వాత లండన్‌లో మూత తీస్తే మొక్కలు నవనవలాడుతూ కనిపించాయి. 1842లో ఆయన దీని మీద పుస్తకం కూడా రాశాడు. ఆ పెట్టెకు వార్డ్ పెట్టె అనే పేరు నిలిచిపోయింది.

ఆ పెట్టె తర్వాత చేసిన పనులు ఇన్నీ అన్నీ కావు. రాబర్ట్ ఫార్చూన్ అనే తోటమాలి 1848నుంచి 1851 వరకు చైనాలో తిరిగి, వేలాది తేయాకు మొక్కల్ని ఈ పెట్టెల్లోనే మన దేశానికి, హిమాలయాల అడుగున ఉన్న తోటలకు చేర్చాడు. మలేరియా జ్వరానికి మందిచ్చే సింకోనా చెట్టును 1860 దశకంలో దక్షిణ అమెరికా నుంచి తెచ్చి నీలగిరుల్లో పెంచారు. బ్రెజిల్ రబ్బరు విత్తనాలు 1876లో లండన్‌కు చేరి, మొలకలు అదే ఏడు సింహళానికి వెళ్ళాయి. వీటిలో మేలూ ఉంది, దోపిడీ కూడా ఉంది. ఏ దేశపు మొక్కనైనా, ఆ దేశాన్ని అడక్కుండా పట్టుకుపోయే దారి ఏర్పడింది. ఇదంతా ఒక డాక్టరుగారి పెరటిగోడ కోరికలోంచి పుట్టిందంటే నమ్మబుద్ధి కాదు.

ఆ ఇంగ్లండులోనే ఇళ్ళలో ఏం జరిగిందో ఇప్పుడు చూద్దాం. ఎందుకంటే ఈ భాగం ఆడవాళ్ళ కథ.

1845లో అక్కడ గాజు మీద పన్ను ఎత్తేశారు. గాజు చౌకైంది, మధ్యతరగతి ఇళ్ళల్లోకి కూడా వార్డ్ పెట్టెలు వచ్చాయి. బొగ్గుపొగతో మసకబారిన డ్రాయింగు రూముల్లో ఫెర్నులు పెరిగాయి. అదో వేలంవెర్రిగా మారింది. కర్టెన్ల మీద ఫెర్న్, కప్పుల మీద ఫెర్న్, ఇనుప కుర్చీల మీద ఫెర్న్, చివరికి సమాధి రాళ్ళ మీద కూడా ఫెర్న్! చార్లెస్ కింగ్‌స్లీ అనే రచయిత 1855లో ఈ వెర్రికి 'టెరిడోమేనియా' అని పేరు పెట్టాడు. ఫెర్న్ పిచ్చి అని దాని అర్థం. మీ అమ్మాయిలకు ఈ పిచ్చి పట్టి, పలకరాని పేర్లతో వాదించుకుంటున్నారు, పెట్టెలకు డబ్బు మీరే ఇవ్వాల్సి వస్తోంది అని తండ్రుల్ని వేళాకోళం చేస్తూనే, నవలలూ కబుర్లూ అల్లికల కంటే ఈ పనిలో వాళ్ళు చురుగ్గా సంతోషంగా ఉన్నారని కూడా ఒప్పుకున్నాడు.

మగపిల్లలకు ఉన్న కాలేజీ చదువు ఆ అమ్మాయిలకు లేదు. కొండలెక్కి, బురదలో తిరిగి, ఆకు తెచ్చి పేరు వెతకడానికి ఫెర్న్ ఒక సాకు దొరికింది. శాస్త్రం వంటింటి దాకా వచ్చింది. ఇది మంచి సంగతే. అయితే దీనికి ఇంకో పక్క ఉంది.

అందరికీ అరుదైన ఫెర్న్ కావాలి. పక్కింటావిడ పెట్టెలో ఉన్నదానికంటే అరుదైంది కావాలి. కిలార్నీ ఫెర్న్ అని ఒకటుంది. ఐర్లండులోని కిలార్నీ ప్రాంతం పేరే దానికి వచ్చింది. జలపాతాల వెనక, చీకటి గుహల నోట్లో, ఎప్పుడూ తుంపర పడే రాతిగోడల మీద పెరుగుతుంది. ఆకు అద్దంలా పలచన. నీడగోడకు ఇంతకంటే అందమైన మొక్క లేదు మరి. అమ్మకందారులు గంపలకు గంపలు పెరికి తెచ్చి అమ్మారు. కొన్నవాళ్ళ ఇళ్ళలో అది బతికింది తక్కువ, ఎండిపోయింది ఎక్కువ. ఎందుకంటే జలపాతాన్ని ఎవరూ ఇంటికి తేలేరు కదా. కొన్ని దశాబ్దాల్లో చాలాచోట్ల ఆ రాతిగోడలు బోడిగా మిగిలాయి. తరవాత, 1981 నాటి బ్రిటన్ వన్యజీవుల చట్టంలో దాన్ని తాకకూడని మొక్కల జాబితాలో చేర్చాల్సి వచ్చింది. ఇంటిగోడను పచ్చగా చేసుకోబోయి కొండగోడను ఎండగట్టారన్నమాట.

అదే కాలంలో ఇంకో మొక్క ఏ హడావుడీ లేకుండా అక్కడి ఇళ్ళలోకి వచ్చింది. దాని పేరు ఆస్పిడిస్ట్రా. 1820 దశకంలో వచ్చింది. జపాన్ దక్షిణ దీవుల అడవుల్లో, పెద్ద చెట్ల అడుగున పెరిగే వెడల్పాకు మొక్క. గ్యాస్ దీపాల పొగకీ, మూసిన కిటికీలకీ, దుమ్ముకీ, ఇంటివాళ్ళ మతిమరుపుకీ కూడా అది చావలేదు. పోత ఇనుము మొక్క అని ముద్దుపేరు సంపాదించింది. కిలార్నీ ఫెర్నుకూ దీనికీ తేడా ఏమిటి? రెండూ నీడ మొక్కలే. కానీ ఒకదాని పుట్టిల్లు తుంపర పడే గుహ, రెండోదాని పుట్టిల్లు చెట్ల కింద ఎండుతూ తడుస్తూ ఉండే నేల. ఇంట్లో మనం ఇవ్వగలిగేది రెండోది. కోడల్ని తెచ్చుకునే ముందు పుట్టింటి సంగతి కనుక్కుంటాం. మొక్కకూ అంతే.

ఈ సూత్రాన్ని గోడల విషయంలో చక్కగా ఆచరించి చూపింది ఒక స్త్రీ. గెర్ట్రూడ్ జెకిల్ అని పేరు. 1843లో పుట్టి 1932 దాకా జీవించింది. చిత్రకళ నేర్చుకుంది, కుట్టుపనిలో, అల్లికలో గొప్ప నేర్పరి. కాని చూపు చాలా మందం. కళ్ళకు శ్రమ ఇచ్చే సన్నపని మానుకోమని డాక్టరు చెప్పాక, రంగులతో చేసే ఆ పనినంతా తోటలోకి మార్చుకుంది. ఎడ్విన్ లుటియెన్స్‌తో కలిసి ఎన్నో ఇళ్ళకు తోటలు వేసింది. ఆ లుటియెన్సే తర్వాత కొత్త ఢిల్లీకి పథకం గీసి, రాష్ట్రపతి భవన్‌గా మనం పిలిచే భవనాన్ని కట్టించినవాడు.

1901లో ఆమె గోడల తోటల గురించి, నీటి తోటల గురించి ఒక పుస్తకం రాసింది. సున్నం పెట్టకుండా పేర్చిన రాళ్ళ గోడలో, రాళ్ళ సందుల్లో మట్టి కూరి మొక్క నాటడం ఆమె పద్ధతి. అయితే ఒకే గోడకు రెండు పక్కలా ఒకే మొక్క పెట్టేది కాదు. ఎండ పక్కకు ఎండ మొక్కలు, చల్లని పక్కకు ఫెర్నులు. తన ఇంటి నీడ ముంగిట్లో అయితే ఆకుల అందాన్నే నమ్ముకుంది. ఫెర్నుల్లాంటి ఆకుమొక్కల కుండీలు స్థిరంగా ఉంచి, వాటి మధ్య పూల కుండీలు కాలాన్ని బట్టి తెచ్చి పెట్టేది. పువ్వు అయిపోగానే ఆ కుండీ వెనక్కి వెళ్తుంది, ఇంకోటి వస్తుంది. నీడలో పువ్వు పూయించాలని తంటాలు పడలేదు. ఎండలో పూసిన పువ్వును నీడకు అతిథిగా పిలిచింది. ఇది మన ఇళ్ళల్లో ఎవరైనా రేపు పొద్దున్నే చేయగలిగిన పని.

మన కాలానికి వస్తే, పాట్రిక్ బ్లాంక్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఉష్ణదేశపు అడవుల్లో చెట్ల అడుగున, రాళ్ళ మీద పెరిగే మొక్కల్ని ఏళ్ళ తరబడి పరిశీలించాడు. మట్టే లేని రాతి మీద ఇన్ని మొక్కలు బతుకుతుంటే గోడ మీద ఎందుకు బతకవనుకున్నాడు. పారిస్‌లో సెయిన్ నది ఒడ్డున 2006లో తెరిచిన క్వే బ్రాన్లీ మ్యూజియానికి ఆయన పరిచిన పచ్చని గోడ సుమారు ఎనిమిది వందల చదరపు మీటర్లు. దాదాపు నూట యాభై జాతులు, పదిహేను వేల మొక్కలు. ఆ గోడ మొహం నది వైపు, అంటే ఇంచుమించు ఉత్తరం వైపు. వార్డ్ కలగన్న గోడ నూట డెబ్భై ఏళ్ళకు పెద్ద ఎత్తున నిజమైంది. దానికి రోజూ గొట్టాల్లో నీళ్ళూ, ఎరువూ, చూసే మనుషులూ కావాలి. మనింట్లో అంత హంగు అక్కర్లేదు.

ఇదంతా పరదేశపు ముచ్చటే, మన సంగతేమిటని అడుగుతారేమో. మనకు నీడగోడ కొత్త కాదు. బావి ఉన్న ప్రతి ఇంట్లో ఒక నీడగోడ ఉండేది. అది బావి లోపలి గోడ! తొంగి చూస్తే రాళ్ళ సందుల్లో ఏముండేది? నల్లని సన్నకాడలతో, చిన్న విసనకర్రల్లాంటి ఆకులతో ఫెర్న్ వేలాడుతుండేది. ఆ జాతిలో ఒకదానికి మన వైద్యంలో హంసపాది అని పేరు. లండన్ డాక్టరు రాళ్ళు పేర్చి, గొట్టాలు పెట్టి సాధించలేకపోయింది మన నూతిలో ఎవరూ నాటకుండా పెరిగింది. నీడ, చెమ్మ, సున్నపు గార, పొగలేని గాలి అన్నీ అక్కడ కుదిరాయి మరి. పాత ఇటుక గోడల మీద పెరిగే ఇంకో ఫెర్న్ ఉంది, పొడుగాటి నిచ్చెనలాంటి ఆకు. మట్టిలో ఆర్సెనిక్ విషం ఉంటే దాన్ని పీల్చి ఆకుల్లో దాచుకుంటుందని 2001లో శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. మనం పిచ్చిమొక్క అని పీకి పారేసేది అదే.

పెరటి నీడలో మనవాళ్ళు కావాలని పెంచిన మొక్క తమలపాకు. ఆకుతోటల్లో ముందు అవిసె చెట్లు పెంచి, వాటి నీడలో తీగను పాకిస్తారు. కణుపు కణుపుకీ వేళ్ళు వేసి పట్టుకుంటుంది. ఎండ నేరుగా తగిలితే ఆకు మాడుతుంది. నీళ్ళ తొట్టి పక్కన, నీడ గోడకు ఆనించిన కర్ర మీద తమలపాకు ఎందుకు బాగా వచ్చేదో ఇప్పుడు తెలిసింది కదా. మిరియపు తీగ కూడా దాని చుట్టమే, దాని తీరూ అంతే.

మిరియమంటే ఇంకొకాయన గుర్తొస్తాడు. విలియం రాక్స్‌బరో అనే స్కాట్లండు డాక్టరు 1781నుంచి 1793 దాకా మన సామర్లకోటలో ఉన్నాడు. అక్కడ మిరియాల తోట వేశాడు. మన కోస్తా మొక్కల్ని సేకరించి, మనదేశపు చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. 1795నుంచి 1820 వరకు లండన్‌లో మూడు సంపుటాలుగా వచ్చిన ఆ కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకంలో మన తెలుగు పేర్లు కూడా ఎక్కాయి. బొమ్మలు గీసిన చేతుల పేర్లు మాత్రం చాలావరకు మిగల్లేదు. ఆయన బొమ్మ వేయించిన మొక్కల్లో చాగ ఒకటి. కత్తుల్లా నిలువుగా లేచే మందపాటి ఆకులు, దాని నారతో పూర్వం వింటితాడు పేనేవారు. ఇవాళ నర్సరీల్లో స్నేక్ ప్లాంట్ అని అమ్ముతున్న చారల మొక్క దీనికి ఆఫ్రికా బంధువు. మన చాగ గట్ల మీద ఊరికే పెరుగుతుంటే, దాని బంధువును డబ్బిచ్చి కొంటున్నాం. చాగ నీడకూ ఓర్చుకుంటుంది, నీళ్ళు పోయడం మరిచినా ఓర్చుకుంటుంది.

ఇక మనీప్లాంటు మాట చెప్పకపోతే మీరు ఊరుకోరు. దొంగిలించి తెచ్చిన కొమ్మే కలిసొస్తుందని ఓ నమ్మకం ఉంది కదా. దాని అసలు పుట్టిల్లు పసిఫిక్ మహాసముద్రంలో మోరియా అనే చిన్న దీవి. 1880లో యూరపు శాస్త్రజ్ఞులు దానికి పేరు పెట్టారు. దాని పువ్వును ఎవరైనా చూశారా? చూసి ఉండరు. పూత పూయడానికి కావలసిన ఒక పదార్థాన్ని అది తనంతట తాను తయారుచేసుకోలేదని 2016లో తేల్చారు. పువ్వు లేదు, విత్తు లేదు. కొమ్మ తుంచి నాటుకోవడమే. అలా చేతినుంచి చేతికి, దొడ్డినుంచి దొడ్డికి, అడిగో అడక్కుండానో, లోకమంతా పాకింది. శ్రీలంకలో, హవాయిలో తోట దాటి అడవిలోకి పోయి అక్కడి మొక్కల్ని కప్పేస్తోంది. కాబట్టి కత్తిరించిన తీగల్ని కాలవగట్టునో, చెట్ల తోపులోనో పారేయకండి. దాని రసం నోట్లో పడితే మంట, వాపు వస్తాయి. పాకే పిల్లలున్న ఇళ్ళలో అందనంత ఎత్తులో పెట్టండి. సీసాలో నీళ్ళు పోసి పెంచేవారు వారానికోసారి తప్పకుండా ఆ నీళ్ళు మార్చి సీసా లోపల రుద్ది కడగాలి. డెంగ్యూ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి నిలవ నీటిలోనే.

సరే, ఇప్పుడు మీ గోడ దగ్గరికి వెళ్దాం. ముందు మొక్కను కాదు, గోడను చూడండి.

ఇంగ్లీషు తోట పుస్తకాల్లో ఉత్తరపు గోడకు మధ్యాహ్నపు ఎండ ఎన్నడూ పడదని ఉంటుంది. లండన్‌కు అది నిజం. మనకు కాదు. హైదరాబాదు, విశాఖపట్నాల్లో మే రెండోవారం నుంచి ఆగస్టు మొదటివారం దాకా సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా వెళ్తాడు. తొమ్మిది నెలలు మధ్యాహ్నపు ఎండ పడని ఉత్తరపు గోడ మీద సరిగ్గా మండు వేసవిలో ఎండ పడుతుంది. నీడకు అలవాటు పడ్డ ఆకు ఒక్క రోజులో మాడిపోతుంది. అందుకే కుండీలైతే ఆ రోజుల్లో జరపండి, తీగలైతే పైన పాత చీరో, గోనె పట్టానో కట్టండి.

రెండోది, నీడ ఎంత చిక్కనో చూడండి. మిట్టమధ్యాహ్నం దీపం వేయకుండా అక్కడ నిలబడి పంచాంగంలోని సన్నక్షరాలు చదవగలిగితే అది వెలుతురున్న నీడ. అక్కడ తమలపాకు, ఫెర్న్, మనీప్లాంటు బాగా వస్తాయి. పొద్దున ఓ గంటో రెండు గంటలో ఎండ పడితే కనకాంబరం కూడా పూస్తుంది. అది మన దక్షిణాదిదే, చెట్ల నీడ దానికి అలవాటే. పసుపు, అల్లం దుంపలు కూడా వేసి చూడండి. నీళ్ళు పారే చోటైతే చేమ వేయండి. అక్షరాలు కనిపించనంత చీకటైతే మొక్క మీద మమకారం తగ్గించుకోవడం మంచిది. చాగ, ఆస్పిడిస్ట్రా వంటివి రెండు కుండీలుంచుకుని, వారం వారం ఒకదాన్ని వెలుతురులోకి మార్చండి.

మూడోది చెమ్మ. గోడ ఎప్పుడూ చెమ్మగిల్లి పెచ్చులూడుతుంటే ముందు గొట్టం కారుతోందేమో చూపించండి. ఆ రోగాన్ని ఆకులతో కప్పకండి. కుండీ గోడకు జానెడు ఎడంగా ఉండాలి. తీగను గోడకు నేరుగా కాక, కొబ్బరిపీచు చుట్టిన కర్రకో, చెక్కకో పాకించండి. సందుల్లో రావి, మర్రి, జువ్వి మొలక కనిపిస్తే వేలెడంత ఉన్నప్పుడే తీసేయాలి. రావి మొలక తీయడానికి మనసొప్పకపోతే వేళ్ళతో సహా తీసి గుడి దగ్గర నాటించండి. అలాగే వదిలేస్తే దాని వేరు గోడను చీలుస్తుంది.

ఇక చివరిమాట. సెలవులకు అరకో ఊటీయో వెళ్ళినప్పుడు దారి పక్క రాతి మీద ఫెర్న్ అందంగా కనిపిస్తుంది. ఒక్కటే కదా అని పెరికి ప్లాస్టిక్ సంచిలో వేసుకోవాలనిపిస్తుంది. కిలార్నీ ఫెర్నుకు ఏమైందో గుర్తుంచుకోండి. మన ఊరి వేడికి ఆ మొక్క ఎలాగూ బతకదు. దాన్ని అక్కడే ఉండనిచ్చి, పక్కింటావిడను అడిగి ఓ తమలపాకు తీగ తెచ్చుకోండి. నాటిన నెలకు కొత్త ఆకు వేస్తే, తాంబూలంలో మొదటి ఆకు ఆవిడకే ఇవ్వండి.

సెలవు.